మస్తానమ్మ వంతెన మీద ఎర్ర కారు

జువ్వలదిన్నె దారిలో, బకింగ్‌హాం కాలువ మీద ఒక గూని వంతెన ఉంది. దానికి మంచి పేరు లేదు.

మస్తానమ్మ అనే నిండు చూలాలిని, తోడబుట్టినవాడే ఆసుపత్రికని బండెక్కించి, నడిరాత్రి ఆ వంతెన మీద దించేసి పోయినాడంట. ఆమె పేరున ఉన్న రెండెకరాల కోసం. తెల్లారేసరికి కాలువలో చీర ఒక్కటే తేలింది.

అప్పటినుంచి, చీకటిపడినాక చప్పుడు చేస్తా పోయే బండి ఏదైనా సరే, ఆమె ఎక్కుతుందంటారు. అందుకే ఎడ్లబండ్లవాళ్లు ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కి దాటేవాళ్లు. లారీలొచ్చినాక డ్రైవర్లకు ఇంకో పద్ధతి పడింది. వంతెన నడినెత్తికి రాగానే క్లచ్చి అదిమిపెట్టి, ఇంజను గొంతు తగ్గించి, ఆ వాలు పొడుగునా పిల్లిలా జారిపోవడం...

అరవై రెండులో జకరయ్యకు అక్కడ ఏం జరిగిందో చెబుతాను. విన్నది విన్నట్టే చెబుతాను. నమ్మితే నమ్మండి.

జకరయ్య నెల్లూరులో మెకానిక్కు. షెడ్డు మాత్రం రైసుమిల్లు కామాక్షయ్యది. ఆ కామాక్షయ్యకు మద్రాసు కారు పందేల పిచ్చి పట్టింది. ఎవరో దొర వదిలేసి పోయిన పాత కారు తెచ్చి షెడ్డులో పడేసినాడు.

"దీన్ని గుర్రం చెయ్యి జకరయ్యా. మద్రాసులో నా పరువు నిలబెడితే ఈ షెడ్డు నీదే. లేదంటే తాళంచెవులు నీ బామ్మర్దికిచ్చి నువ్వు ఇంటికి పో."

బామ్మర్ది అంటే కృపాదానం. జకరయ్య భార్య ఎలిశబెతు తమ్ముడు. స్పానరు పట్టుకోవడం కాడినుంచి అతనికి పని నేర్పింది జకరయ్యే.

ఆర్నెల్లు ఇద్దరూ చెమటోడ్చినారు. కారు కప్పు కోసేసినారు. ఒక కార్బరేటరు ఉన్నచోట రెండు పెట్టినారు. పందెంలో జారకుండా క్లచ్చికి లారీ స్ప్రింగులు వేసినారు. ఎర్ర రంగు కొట్టినారు. ఇంజను అడుగుభాగం బిగించే రోజు జకరయ్యకు చలిజ్వరం. మద్రాసు నుంచి తెప్పించిన కొత్త సామానంతా కృపాదానం చేతిలో పెట్టి, ముసుగుతన్ని పడుకున్నాడు.

కారు గాలిలాగా పోయింది. పగలు రోడ్డు నిండా బండ్లుంటాయని, రాత్రిపూట సముద్రం దారిలో తోలి చూసేవాళ్లు. అంతా బాగుంది...

ఆ వంతెన దగ్గర తప్ప.

నడినెత్తిన క్లచ్చి తొక్కి జారతారు. వాలు సగానికి రాగానే ఇంజను గుడుక్కున ఆగిపోతుంది. ఇంకెక్కడా ఆగదు. మూడు రాత్రులు, మూడుసార్లూ అక్కడే.

"ఏంది జకరయ్యా, గుర్రమన్నావు. ఇది దెయ్యాన్ని చూసి మొరాయించే గాడిదలాగుందే!" అన్నాడు కామాక్షయ్య.

పందేనికి ఇంక నాలుగు రోజులు.

"ఇంజను విప్పుతా," అన్నాడు జకరయ్య.

"వద్దు బావా. అది ఇంజను జబ్బు కాదు. ఆమె ఎక్కుతోంది," అన్నాడు కృపాదానం. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి, కారు ముందు నిమ్మకాయ కట్టినాడు.

ఎలిశబెతు కూడా తమ్ముడి పక్కే. "వాడు చెప్పేది విను. ప్రార్థన పెట్టిద్దాం. ఇంజను మాత్రం విప్పొద్దు."

"దెయ్యానికి క్లచ్చితో పనేంది?" అన్నాడు జకరయ్య.

ఆ రాత్రే బామ్మర్దిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరినాడు. అమావాస్య వెళ్లిన మర్నాడు. కన్ను పొడుచుకున్నా కానరాదు. వంతెన ఎక్కినాడు. నడినెత్తిన క్లచ్చి అదిమినాడు. జారుతోంది... జారుతోంది...

గుడుక్కున ఆగింది.

జకరయ్య చెయ్యి బ్రేకు లాగి, టార్చి తీసుకుని దిగినాడు. "కృపా, నా సీట్లోకి జరుగు," అని ముందుకు పోయి, ఇంజను మీది రేకు మూత పైకెత్తినాడు. మూత అడ్డానికి సీట్లు కనపడలేదు. సీటు కిర్రుమన్న చప్పుడు మాత్రం వినపడింది.

"క్లచ్చి తొక్కు."

పెడలు మూలిగింది. ఇంజను మూతి దగ్గరుండే చక్రం మీద టార్చి వేసి చూస్తున్నాడు జకరయ్య. ఆ చక్రం... వడ్లగింజంత మందం ముందుకొచ్చింది.

"వదులు."

వెనక్కి పోయింది.

"తొక్కు."

మళ్లీ వచ్చింది.

జకరయ్యకు జబ్బు దొరికింది. ఆ చక్రాన్ని తిప్పే ఇంజను కడ్డీ ముందుకు జరగకుండా ఆపేవి రెండు అర్ధచంద్రం బిళ్లలు. అవి అరిగిపోతే, క్లచ్చి తొక్కినంతసేపూ లారీ స్ప్రింగుల బలమంతా కడ్డీని ముందుకు నెట్టి, ఇంజనుకే రాపిడి పెడుతుంది. వేరే చోట గేరు కోసం కన్నుమూసి తెరిచేలోగా తొక్కి వదిలేస్తారు. ఇక్కడ మస్తానమ్మ భయానికి వాలు పొడుగునా తొక్కిపెడతారు. అదీ సంగతి.

కానీ తను తెప్పించినవి కొత్త బిళ్లలు!

"కృపా... పాతవే వేసినావురా?"

జకరయ్య కళ్లు చక్రం మీదినుంచి తిప్పలేదు.

"నీకేం తక్కువ చేసినానురా?"

చక్రం వెనక్కి పోయింది. ముందుకొచ్చింది. ఎవరూ చెప్పకుండానే...

అప్పుడు వంతెన నడినెత్తినుంచి, దూరంగా, వణుకుతా ఒక గొంతు— "బావా... ఎవరితో మాట్లాడుతున్నావు?"

జకరయ్య టార్చి తిప్పినాడు. పిట్టగోడ పట్టుకుని నిలబడివున్నాడు కృపాదానం. "ఇంజను ఆగంగానే నేను దూకి పైకి పరిగెత్తినా బావా. నేను... సీట్లో లేను."

జకరయ్య మూత పక్కనుంచి వెలుతురు వేసినాడు. సీటు ఖాళీ. మగవాడి కాలికే బరువైన పెడలు, నేలకంటా అణిగి ఉంది.

కృపాదానం కూడా దగ్గరికొచ్చి చూసినాడు. ఉన్నచోటే కూలబడినాడు. "పాతవే వేసినా బావా! పందెంలో నీ పేరు పోతే షెడ్డు నాకొస్తుందని... తర్వాత కొత్తవి వేసి, దెయ్యాన్ని నేనే వదిలించినా అందామని..."

"కొత్తవి యాడున్నాయి?"

"అక్క బైబిలు పెట్టెలో."

"ఎలిశబెతుకు తెలుసా?" అన్నాడు జకరయ్య.

"దాచిందే అక్క. నీకు ఎక్కడైనా పని దొరుకుతుందంట, నాకైతే ఇదొక్కటే దారంట..."

కాలువ మీదినుంచి ఉప్పుగాలి కొట్టింది. జకరయ్య మూత దించి, సీటు దగ్గరికి పోయినాడు. ఖాళీ సీటుకేసి తల వంచి, "చాలమ్మా. వదులు," అన్నాడు.

పెడలు మెల్లగా పైకి లేచింది.

కూర్చుని కారు స్టార్టు చేసినాడు.

"నన్ను ఎక్కించుకో బావా! ఒక్కణ్ణే వదిలిపోవద్దు బావా!"

జకరయ్య క్లచ్చి అదిమిపెట్టలేదు. ఆ దారిలో ఎవరూ చెయ్యనంత చప్పుడు చేస్తా పోయినాడు.

ఇంటికి పోయి పెట్టె తెరిచి బిళ్లలు తీసుకున్నాడు. బైబిలు ఎలిశబెతు చేతిలో పెట్టినాడు. కారు పందెంలో నిలబడింది, షెడ్డు అతనిదైంది. ఆ పైన మంచం కూడా షెడ్డులోనే వేసుకున్నాడు.

కృపాదానాన్ని మర్నాడు పొద్దున చేపలకు పోతా జువ్వలదిన్నె పట్టపోళ్లు చూసినారు. వంతెన నడినెత్తిన కూర్చుని ఉన్నాడంట. ఎడమకాలు ముందుకు చాచి, మడమ మట్టిలో దిగబడేలా అదిమిపట్టి. ఇద్దరు పట్టి లేపబోయినా కాలు కదల్లేదు.

"లెయ్యన్నా," అంటే, కాలువకేసి చూస్తా గుసగుసగా అన్నాడంట—

"ఆమె ఇంకా వదలమనలేదు."