ముగింపు రాయకూడని పుస్తకం

జూన్ పదమూడు, గురువారం. సాయంత్రం ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది. నాన్న పుస్తకాల దుకాణానికి ఆఖరిసారి తాళం వెయ్యడానికి అన్నయ్యా నేనూ వెళ్లాం. తెల్లారితే దాన్ని బట్టల వ్యాపారికి అప్పగించాలి.

నలభై ఒక్క ఏళ్ల కిందట నాన్న దాన్ని ఒంటిగదిలో పెట్టారు. తలుపు ఒకటే, కిటికీ లేదు. ఇతర దుకాణాలవాళ్లు ముట్టుకోని ప్రయోగాత్మక పుస్తకాలన్నీ అక్కడ దొరికేవి. చివర్నుంచి చదివేవి, విడి కాగితాలుగా పెట్టెలో వచ్చేవి, అసలు కథే లేనివి. "మీ నాన్న అమ్మేది పుస్తకాలు కాదు, తలనొప్పి," అనేది అమ్మ.

బల్ల మీద లావాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. వచ్చినవాళ్లు అంతకుముందు వాక్యం చదివి, కింద తమ వాక్యం ఒకటి రాసి వెళ్లాలి. ముగింపు మాత్రం ఎవరూ రాయకూడదు. నాన్న పెట్టిన ఆ కట్టుబాటు ఆయన పోయాక కూడా మేం తప్పలేదు.

అమ్మకం మాట అనుకున్నప్పటి నుంచి, పొద్దున తలుపు తీసేసరికి అందులో కొత్త వాక్యాలు కనిపించేవి. 'తొందరపడకండి.' 'నా వంతు ఇంకా రాలేదు.' అమ్మకం ఆపాలని నేనే రాస్తున్నానని అన్నయ్య అనుమానం. నా దిగులు చూసి అన్నయ్యే వేళాకోళం చేస్తున్నాడని నాకు.

"నాటకాలు చాలించవే," అంటూ ఆ సాయంత్రం అన్నయ్య కలం తీశాడు.

"అన్నయ్యా, వద్దు."

రాసేశాడు. 'దుకాణం మూసేశారు. కథ అయిపోయింది.'

లైటు ఆర్పి గుమ్మం దగ్గరికొచ్చాం. పాత కాగితం వాసన, గోడల చెమ్మ వాసన. మా వెనక, పేజీ తిప్పిన చప్పుడు. తర్వాత కాగితం మీద ఏదో గీస్తున్నట్టు... ఆగి ఆగి...

అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వేనా?" అన్నయ్య గుసగుస.

"నీ చెయ్యి పట్టుకునే ఉన్నాగా."

లైటు వేశాడు. ఎవరూ లేరు. అన్నయ్య వాక్యం కింద తడి ఆరని సిరాతో ఇంకొకటి.

'కానీ లోపల ఒకరు ఉండిపోయారు.'

తాళం వేసి ఇంటికొచ్చి పడ్డాం. ఒకరి మీద ఒకరికి నమ్మకం చాలక, తాళంచెవి మధ్యలో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం.

పొద్దున వదిన కూడా వచ్చింది. తాళం తీశాం. తలుపు కదల్లేదు. వడ్రంగిని పిలిపించాం. అతను సందులోంచి చూసి, ఉలి కింద పెట్టేశాడు.

"లోపల గడియ పెట్టుందమ్మా. నాతో ఎందుకు, ఉన్నవాళ్లనే తియ్యమనండి."

ముగ్గురం వీధిలోనే నిలబడి ఉన్నాం.

అన్నయ్య పక్కకెళ్లి బట్టల వ్యాపారికి ఫోన్ చేశాడు.

"ఇవ్వలేమండీ," అన్నాడు మెల్లగా. "ఇంకా ఖాళీ చెయ్యలేదు."