ఛార్జింగ్ అయిపోయింది

చీఫ్ విసిరిన ఫోటో టేబుల్ మీద జారి ఏజెంట్ గద్ద ముందు ఆగింది. అందులో కాలిపోయిన ఇనుప చట్రం ఒకటుంది. చెప్తే తప్ప అది ఒకప్పుడు కారని తెలియదు.

“మొన్న పొద్దున ఛార్జింగ్‌లో ఉండగా తగలబడింది. లోపల కూర్చున్న టెస్ట్ డ్రైవర్ మిగల్లేదు. బ్యాటరీ లోపమని పేపర్లు రాశాయి,” అన్నాడు చీఫ్. “లోపం కాదు. హత్య.”

“ఎవరు సార్?”

“నల్లచుక్క. విదేశీ ముఠా. పెట్రోలు మీద బతికే పెద్దలు కొందరు వెనకుండి నడిపిస్తున్నారు. మామూలు కార్లో పోసిన పెట్రోల్లో సగానికి పైగా ఉత్త వేడిగా గాల్లో కలిసిపోతుంది. ఆ వేస్టు మీదే వాళ్ల మేడలు లేచాయి. ఈ కొత్త ఎలక్ట్రిక్ కారేమో ఒక్క ఛార్జింగ్‌తో వెయ్యి కిలోమీటర్లు పోతుంది. రేపు ప్రెస్ ముందు డెమో. అక్కడ కూడా పేలిందంటే, ఇంకో తరం దాకా ఎవడూ కారుకి ప్లగ్గు పెట్టడు.”

“మనవాళ్లెవరైనా లోపలున్నారా?”

“నెమలి ఉంది. ముఠా పంపిన బ్యాటరీ ఎక్స్‌పర్ట్‌కి సెక్రటరీగా చేరింది.” చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “కానీ మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరో అమ్ముడుపోయారని కబురొచ్చింది. కారు ఫుల్ ఛార్జ్ కాగానే వాళ్లు ముఠాకి చెప్పాలట. ఆ మాట ఎవరి నోట వినబడితే వాళ్లే ద్రోహి. పట్టుకో. మొహమాటపడకు.”

మొహమాటం ఊసు ఎందుకొచ్చిందో గద్దకి తెలుసు. నెమలి అతని భార్యకి స్వయానా అక్క. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆవిడ సెంట్లు అమ్మే కంపెనీలో మేనేజరు, అతను గోడౌన్ల ఆడిటరు. అతన్ని ఈ ఉద్యోగంలో చేర్పించిందీ, “మా మరిదికి నాదే పూచీ” అని చీఫ్ ముందు నిలబడిందీ ఆవిడే.

మర్నాడు డెమో హాల్లో గద్ద ఏసీ మెకానిక్ వేషంలో నిచ్చెనెక్కి ఉన్నాడు. పెట్టుడు మీసం చెమటకి దురద పెడుతోంది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. హాల్లో ఎవరు ఏ ఫ్రీక్వెన్సీలో గుసగుసలాడినా ఆ స్క్రూడ్రైవర్ పిడి పట్టేసి అతని చెవిలో వేస్తుంది. కింద తెల్లటి కారు ఛార్జింగ్‌లో ఉంది. డ్రైవర్ సీట్లో దాన్ని తయారుచేసిన ఇంజనీరమ్మ కూర్చుని, కెమెరాలకి పెళ్లికూతురి తల్లిలా నవ్వుతోంది. గోడ మీద పెద్ద స్క్రీన్ ఛార్జింగ్ తొంభై రెండు శాతమని చూపిస్తోంది.

తెల్ల గ్లవ్స్ తొడుక్కున్న ఎక్స్‌పర్ట్ కారు చుట్టూ తిరుగుతున్నాడు. అతని పక్కన పచ్చటి సిల్కు గౌనులో నెమలి. హాల్లో సగం కళ్లు కారు మీదుంటే సగం ఆమె మీదున్నాయి. ఆమె లిప్‌స్టిక్ తీసి పెదాల దగ్గర పెట్టుకుంది. ఆ లిప్‌స్టిక్ ఒక ట్రాన్స్‌మిటర్.

గద్ద చెవిలో గరగరమంది. ముక్కలుముక్కలుగా వదిన గొంతు వినబడింది.

“...వంద... జాగ్రత్త... అయ్యో, ఛార్జింగ్ అయిపోయింది...”

తర్వాత ఏమీ లేదు. వదినా? ఇంటికొచ్చినప్పుడల్లా తన చెల్లెలికన్నా ముందు “మరిది తిన్నాడా” అని అడిగే మనిషి, డబ్బుకి అమ్ముడుపోయిందా? ఆలోచిస్తే కాళ్లు ఆడవని అతనికి తెలుసు. ఆలోచించలేదు. నిచ్చెన దిగి, ఆమె మోచెయ్యి పట్టుకుని పక్క కారిడార్లోకి లాగి, రెండు చేతులకీ బేడీలు వేసేశాడు.

“ఏంటిది మరిదీ?”

“డ్యూటీలో మరిదీ లేదు, వదినా లేదు. మీరు అరెస్టయ్యారు.” అరెస్టు చేస్తూ కూడా ‘నువ్వు’ అనడానికి నోరు రాలేదు.

“నీకేమైనా పిచ్చా? ముందెళ్లి ఆ ప్లగ్గు పీకు! వందకి చేరిందంటే...”

“అలాగే. నేనటు పోతాను, మీరిటు జారుకుంటారు. ఛార్జింగ్ అయిపోయిందని ముఠాకి కబురిచ్చారు. నా చెవులారా విన్నాను.”

“అయిపోయిందనే అన్నాను. అయిపోయింది మరి!”

“ఒప్పుకున్నారుగా.”

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. “నీ తెలివి తెల్లారినట్టే ఉంది. కారుది కాదయ్యా, దీనిది!” బేడీల చేతులెత్తి లిప్‌స్టిక్ చూపించింది. అడుగున వెలగాల్సిన బుల్లి దీపం ఆరిపోయి ఉంది. “నీకు చెప్తుండగానే చచ్చింది!”

గద్ద తలుపు అద్దంలోంచి హాల్లోని స్క్రీన్ వైపు చూశాడు. తొంభై ఏడు. కారు ఛార్జింగ్ ఇంకా అవుతూనే ఉంది.

ఇంట్లో భార్య వంట అయిపోయిందంటే చేతులు కడుక్కుని కూర్చునేవాడు. గ్యాస్ అయిపోయిందంటే చెప్పులేసుకుని బయల్దేరేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా ఆ మాట అటుదిటు చేసుకోలేదు. ఇవాళ, ప్రాణాల మీదికొచ్చిన రోజున, ఒక్కగానొక్క వదిన నోట వచ్చిన మాటని తప్పుగా విన్నాడు. చెవులదాకా సిగ్గు పాకింది. సిగ్గుపడటానికి కూడా టైము లేదు. పరిగెత్తాడు.

తొంభై ఎనిమిది. ఎక్స్‌పర్ట్ అప్పటికే తలుపు వైపు నడుస్తున్నాడు. గద్ద కెమెరాల వాళ్లని తోసుకుంటూ వెళ్లి ప్లగ్గు పట్టుకుని లాగాడు. రాలేదు. ఛార్జింగ్ అవుతున్నంతసేపూ ప్లగ్గు లాకై ఉంటుంది.

“లాక్ తియ్యండి మేడమ్! లోపల బాంబుంది!”

“ఎవరయ్యా నువ్వు? ఏసీ చూడరా అంటే కారు మీద పడ్డావేంటి?” అరిచింది ఇంజనీరమ్మ. సెక్యూరిటీ వాళ్లిద్దరు వెనకనుంచి అతని నడుం పట్టుకున్నారు.

తొంభై తొమ్మిది. గద్ద వాళ్లిద్దర్నీ ఈడ్చుకుంటూనే ఛార్జింగ్ స్టాండ్ దాకా పోయి, ఎర్ర ఎమర్జెన్సీ బటన్ మీద నుదుటితో ఒక్కటిచ్చాడు. కారుకి కరెంటు తెగింది. స్క్రీన్ మీద అంకె అక్కడే ఆగిపోయింది. నిశ్శబ్దంలో అతని మీసం ఊడి కింద పడింది. ఫ్లాషులు టపటపా వెలిగాయి.

కారిడార్లో ధబ్బుమని చప్పుడైంది. పారిపోతున్న ఎక్స్‌పర్ట్‌కి, చేతులు ఖాళీ లేని నెమలి కాలు అడ్డం పెట్టింది.

బాంబు స్క్వాడ్ బ్యాటరీ కింద అతికించిన పొట్లాన్ని ఊడదీసింది. వంద పడగానే పేలే ఏర్పాటు. దాన్ని చూశాక ఇంజనీరమ్మ కారులోంచి దిగలేకపోయింది. గద్దే చెయ్యి పట్టుకుని దించాడు. ఆవిడ దణ్ణం పెట్టబోతే తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ దణ్ణం ఎవరికి చెందాలో అతనికి తెలుసు.

ఆ మనిషి ఇంకా బేడీలతోనే కారిడార్లో కూర్చుని ఉంది. గద్ద మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాళంచెవి తీశాడు.

“మనలో అమ్ముడుపోయినవాళ్లు ఎవరూ లేరు,” అంది నెమలి. “ఆ పుకారు ముఠాదే. మనల్ని మనమే పట్టుకుంటామని వాళ్ల ఆశ. నిన్న రాత్రే తెలిసింది, కబురు పంపే వీల్లేకపోయింది. నువ్వంత తేలిగ్గా పడిపోతావనుకోలేదు.”

“తప్పయింది వదినా. మీ మొహం చూడలేకపోతున్నాను.”

“పొరబడ్డందుకు కాదు నాకు కష్టం. ‘ఏం అయిపోయింది వదినా’ అని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది? బజార్లో వంకాయలు కొన్నా పుచ్చులున్నాయా అని అడుగుతావే.”

బేడీలు ఊడొచ్చాయి. రెండు మణికట్ల మీదా ఎర్రగా కమిలిన గీతలు. వాటిని చూసి అతను కళ్లు దించుకున్నాడు.

ఆమె లేచి గౌను దులుపుకుంది. “ఆదివారం భోజనానికొస్తున్నానని మీ ఆవిడతో చెప్పు. ఈ గీతలేంటక్కా అని అడుగుతుంది. నేను నోరు విప్పను. చెప్పాల్సింది నువ్వే. అబద్ధాలాడటానికేగా నీకు జీతమిచ్చేది.”

నానా వేషాల్లో, నానా పేర్లతో, తుపాకీల ఎదుట రెప్పవెయ్యకుండా అబద్ధాలాడిన ఏజెంట్ గద్దకి, ఆదివారం వంకాయ కూర వడ్డించే వేళకి కూడా ఒక్క అబద్ధం దొరకలేదు.