పేరు చెప్పి వేసిన ముడి

పుష్య అమావాస్య! పట్టపగలే సూర్యబింబాన్ని రాహువు మింగుతున్నాడు... లాల్‌ఖదాన్ రైల్వే బస్తీలో పట్టాల పక్క పొదల్లోంచి గుడ్లగూబలు చీకటిపడిందనుకుని కూస్తున్నాయి. ఆకాశం ఎక్కడో ఉరిమింది. జనమంతా తలుపులు బిగించుకున్నారు!

రేకుల పాకలో అప్పయమ్మ ఒర కుడుతోంది. సన్నటి చెక్క బద్దల మీద తడిసిన పచ్చితోలు సాగదీసి చుట్టి, వెనకవైపు మైనపు దారంతో కుట్టు మీద కుట్టు... ఎదుట ఎర్రటి ముగ్గులో ఒక కపాలం. అది ఆమె భర్త పైడిరాజుది! దాని పక్కనే రెండంచుల నిడుపాటి ఖడ్గం.

రైల్వే షెడ్డులో తోలుపని చేసే పైడిరాజు, నిరుడు ఆ క్షుద్రఖడ్గానికి ఒర కుట్టనన్నాడు. మాంత్రికుడు బంగార్రాజు చిల్లంగి పెట్టాడు. ఏడో నాటికి పైడిరాజు నెత్తురు కక్కి పోయాడు. అతని ఆత్మ ఆనాటి నుంచీ ఖడ్గంలో బందీ! గ్రహణం విడిచేలోగా ఆ ఖడ్గాన్ని ఒరలో బిగిస్తే, ఆ ఆత్మ కల్పాంతం దాకా బంగార్రాజుకు బానిస... కట్టుకున్నదాని చేతి కుట్టయితేనే ఆ బంధం తెగదు.

ఒర పూర్తయింది. దాన్ని మోసే పచ్చితోలు నడికట్టుకి ఆఖరి ముడి మిగిలింది.

“ముడేసినప్పుడు ఎవుడి పేరు సెప్తే ఆడికే ఈ కట్టు. నీ మొగుడి పేరు సెప్పాల. తెలిసిందేటే?” ముగ్గు అవతల నిలబడి గర్జించాడు బంగార్రాజు.

“అచ్ఛా బాబూ.”

“తప్పేవో, నీ పుర్రె కూడా దీని పక్కకే వస్తాది!”

అప్పయమ్మ జుట్టు విడిపోయింది. కళ్ళు నిప్పుకణికలయ్యాయి. పైడితల్లి పూనిందో, పగే పూనిందో... పైకి వినబడకుండా పెదవులు కదిలాయి. ముడి బిగిసింది!

బంగార్రాజు వికటాట్టహాసం చేసి, తడి ఆరని ఆ కట్టును నడుముకు చుట్టి కొక్కేన్ని బెజ్జంలో తగిలించాడు. ఖడ్గాన్ని ఒరలోకి దూర్చాడు.

గ్రహణం విడిచింది. ఎండ పాకలోకి దూకింది. పచ్చితోలు ఎండుతూ బిగుసుకోసాగింది... బెత్తెడు! మరో బెత్తెడు!

“అమ్మో! ఏ పేరు సెప్పేవే?”

“మొగుడి పేరు నోట పలికే ఆడదాన్ని మనోళ్ళలో ఎక్కడైనా సూసేవేటి బాబూ? నీ పేరే సెప్పేను!”

ఒర గజగజ వణికింది. కపాలం ఫెళ్ళున పగిలి, పైడిరాజు ఆత్మ ఖడ్గం విడిచి చల్లటి గాలై అప్పయమ్మ నుదుటిని తాకి వెళ్ళిపోయింది. ఖాళీ అయిన ఖడ్గం బంగార్రాజు ప్రాణాన్ని లోపలికి లాగుతోంది! పక్కటెముకలు పటపటమంటుండగా అతని వేళ్ళు కట్టు పొడవునా తడుముకున్నాయి.

“ఒదులు సెయ్యే, తల్లీ! ఇంకో బెజ్జం... ఇంకో బెజ్జం ఎక్కడే?”

అప్పయమ్మ దబ్బనాన్ని చీరచెంగుకి తుడుచుకుంది.

“ఒక్కటే పొడిచేను బాబూ.”