అరవై ఒకటో నంబరు

గురువారం ఉదయం ఎనిమిదింపావుకి లూసియాన్ మజెరాక్ తన జీవితంలో చివరి మలుపు తిరిగాడు.

పుయ్-లబ్రూస్ చర్చి వెనక నుంచి లోయలోకి జారే రోడ్డు అది. అటూ ఇటూ పెద్ద పెద్ద చెట్లు. మజెరాక్ సైకిల్ గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో దిగుతోంది. రెండు చెట్ల మధ్య సన్నటి ఉక్కు తీగ లాగి కట్టి ఉంది. నిటారుగా కూర్చుని తొక్కే మనిషి ఛాతీకి తగిలే ఎత్తులో కట్టారు దాన్ని. పడగొట్టి, పక్కటెముకలు విరిగాక తీరిగ్గా ప్రశ్నలు అడగాలన్నది వాళ్ళ ఆలోచన. కానీ మజెరాక్ ఒకప్పటి పందెగాడు. దిగుడులో ముక్కు హ్యాండిల్‌కి ఆనించి తొక్కుతాడు.

తీగ మెడకి తగిలింది.

సైకిల్ ఇంకో ముప్పై గజాలు ఒంటరిగా వెళ్ళి ముళ్ళకంచెలో పడింది.

పొదల్లోంచి బూడిదరంగు టోపీ పెట్టుకున్న లావుపాటి మనిషి బయటికొచ్చాడు. అతని పేరు కోర్బ్. శవాన్ని చూసి చిరాగ్గా ఉమ్మేశాడు. జేబులు వెతికితే ఒక రేకు డబ్బా దొరికింది. అందులో దూదిలో చుట్టిన నాలుగు గాజు సీసాలు. వాటిని ఒక్కొక్కటిగా రోడ్డు మీద పేర్చి, మడమతో నలిపేశాడు.

*

"తీగ," అన్నాడు కల్నల్ బ్రెషార్. "నొప్పి తెలిసి ఉండదు."

శుక్రవారం మధ్యాహ్నం. కఓర్ పట్టణంలో ఒక సైకిల్ రిపేరు షాపు వెనక గది. కల్నల్ జేబుకత్తితో ఎండు సాసేజిని చక్రాలుగా కోస్తున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఒరెలియన్ రూజో కూర్చున్నాడు. రహస్య విభాగంలో తొమ్మిదేళ్ళ సర్వీసు. అంతకుముందు అతనూ మజెరాకూ ఒకే జట్టులో పందేలు తొక్కారు, ఒకే గదిలో పడుకున్నారు, ఒకే సబ్బుతో కాళ్ళ వెంట్రుకలు గొరుక్కున్నారు.

"సీసాల్లో ఏముంది?" అని అడిగాడు రూజో.

"ఇన్సులిన్. హార్క్ అని ఒకడున్నాడు. అవతలి దేశపు గూఢచారి సంస్థలో సంకేతలిపి నిపుణుడు. వసంతంలో సరిహద్దు దాటి మన దగ్గరికొచ్చాడు. మన ప్రభుత్వ ఆఫీసుల్లో కూర్చుని వాళ్ళకి పనిచేస్తున్న పదకొండు మంది పేర్లు అతని తలలో ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. ఒక పల్లెటూరి చర్చిలో గంట కొట్టేవాడిగా దాచాం. చక్కెర జబ్బు మనిషి. వారం వారం మజెరాక్ మందు చేరవేసేవాడు. ఎర్ర బనీను వేసుకుని సైకిల్ తొక్కుకుంటూ పోయేవాణ్ణి ఈ దేశంలో ఎవడూ రెండోసారి చూడడు."

"ఎవడో చూశాడు."

"చూశాడు. ఎల్లుండి, ఆదివారం, మధ్యాహ్నం పన్నెండుకి హెలికాప్టర్‌లో జడ్జి వస్తాడు. వాంగ్మూలం రికార్డు చేస్తాడు. హార్క్ దగ్గర మందు రేపటితో ఆఖరు. ఆదివారం పొద్దున మందు పడకపోతే జడ్జి వచ్చేసరికి అతను తన పేరే చెప్పలేడు."

"కారులో పంపొచ్చుగా."

"ఆ పదకొండు మందిలో ఒకడు ఇక్కడి పోలీసుల్లోనే ఉన్నాడని నా అనుమానం. నిన్నటి నుంచి ప్రతి కారునీ ఆపుతున్నారు. ఆదివారం మాత్రం ఆ కొండల్లో సైకిల్ పందెం ఉంది. నూట నలభై మంది తొక్కుతారు. అందులో నువ్వొకడివి. నంబరు ఎనభై నాలుగు."

కల్నల్ ఒక గాలి పంపు బల్ల మీద పెట్టాడు. పైభాగంలో గాలి. కింది భాగంలో నాలుగు సీసాలు, ఒక సిరంజి. పిడి తిప్పి లాగితే జానెడు బాకు బయటికొచ్చింది.

"దారిలో ఎవరుంటారు?"

"ఒదీల్ ఫార్జో. రెండేళ్ళుగా వాళ్ళ ముఠాలో మన మనిషి. పుయ్-లబ్రూస్‌లో తిండి సంచులు అందించే చోట ఉంటుంది. మీ గొలుసు ఏడుస్తోంది అంటుంది. ఏడవనీ, దానికి తల్లి లేదు అను."

"ఇంకెవరు?"

"ఇంకెవరూ లేరు. హార్క్ ఉన్న ఊరి పేరు నాకూ మజెరాక్‌కీ మాత్రమే తెలుసు. ఒదీల్‌కి కూడా చెప్పలేదు." కల్నల్ సాసేజి చుట్టిన కాగితం మీద ఒక పేరు రాసి చూపించాడు. తర్వాత దాన్ని స్టవ్ మంటలో పెట్టాడు.

సెంత్-ఓబెర్త్.

*

ఆదివారం పదింటికి గుంపు పుయ్-లబ్రూస్‌లోకి దూసుకొచ్చింది. ప్రార్థన ముగించుకుని చర్చి మెట్లు దిగుతున్న ముసలాళ్ళు చప్పట్లు కొట్టారు. రూజో నీళ్ళ సీసా నింపుకునే వంకతో కొళాయి దగ్గర ఆగాడు.

పసుపు గౌను, నల్ల కళ్ళద్దాలు, పెదాల మధ్య సిగరెట్టు. ఊళ్ళో మగాళ్ళు సగంమంది పందెం చూడ్డం మానేసి ఆమెనే చూస్తున్నారు.

"మీ గొలుసు ఏడుస్తోంది," అంది ఆమె.

"ఏడవనీ. దానికి తల్లి లేదు."

ఒదీల్ గుడ్డ సంచి అతని భుజానికి తగిలించింది. చెవి దగ్గరికి వంగింది. "అరవై ఒకటో నంబరు. నల్ల మీసం. మజెరాక్‌ని చంపింది వాడే. దిగుడులో నీ పక్కకొస్తాడు."

"నీకెలా తెలుసు?"

"వాడికి తీగ తెచ్చిచ్చింది నేనే. ముఠాలో ఉన్నాక వాళ్ళ పనులు చేయకుండా ఎలా కుదురుతుంది?" పొగ పక్కకి వదిలింది. "సంచిలో పిస్టల్ ఉంది. రొట్టె కూడా పెట్టాను, తిను. మొహం పీక్కుపోయింది. ఈ వయసులో నీకిదేం పిచ్చి?"

"ఏ ఊరికో అడగవా?"

"అడిగితే చెప్తావా?"

"చెప్పను."

"మరి పో," అని నవ్వి అతని వీపు మీద ఒక్కటి చరిచింది.

రూజో తొక్కుతూనే రొట్టె వెనక జేబులో కుక్కుకున్నాడు, పిస్టల్ బనీను కింద దోపుకున్నాడు, ఖాళీ సంచి విసిరేశాడు. కావాలనే గుంపు వెనక పడ్డాడు.

కొండ కొస దాటాక రోడ్డు ఖాళీ. దిగుడు మొదలైన రెండో మలుపులో ఒక నీడ పక్కకొచ్చింది. నల్ల మీసం. వీపు మీద అరవై ఒకటి.

ఇద్దరూ ఒకరి నంబరు ఒకరు చూసుకున్నారు. ఇద్దరి చేతులూ ఒకేసారి బనీన్ల కిందకి వెళ్ళాయి.

రూజో మీట నొక్కాడు. పిస్టల్ టిక్కుమంది, అంతే. అవతలివాడి గుండు రూజో ఎడమ చెవి సగం ఎగరగొట్టుకుపోయింది. మెడ మీదికి వేడిగా రక్తం కారింది. రూజో పక్కకి ఒరిగి తన హ్యాండిల్‌ని వాడి హ్యాండిల్‌లోకి గుద్దాడు. రెండు సైకిళ్ళూ పెనవేసుకుని, గట్టు దాటి, కంకర మీద పల్టీలు కొడుతూ కింద ఉన్న రాతి శిలువ దగ్గర ఆగాయి. ఎవరిదో ఎముక పుటుక్కుమంది. రూజోదే, ఎడమ మోచెయ్యి.

మీసంవాడు ముందు లేచాడు. రూజో ఛాతీ మీద మోకాలు ఆనించి గొంతు నొక్కాడు. కళ్ళు బైర్లు కమ్ముతుండగా రూజో కుడిచేతికి పంపు తగిలింది. గొట్టాన్ని పళ్ళతో కరిచిపట్టి, పిడి తిప్పి లాగాడు. బాకు మీసంవాడి పక్కటెముకల కిందనుంచి పైకి, పిడి దాకా దిగింది.

వాడు రూజో మీదే వాలిపోయాడు. నోట్లోంచి నురగతో రక్తం వస్తోంది.

"కుక్కా," అన్నాడు. "మజెరాక్‌ని... తీగతో..."

"తీగ కట్టింది నువ్వు," అన్నాడు రూజో.

ఇద్దరి మొహాల మధ్య బెత్తెడు దూరం. వాడి కళ్ళలో కోపం మెల్లగా విడిపోయి అయోమయం చేరింది.

"నీకెవరు చెప్పారు, నేనని?" అని అడిగాడు రూజో.

"పసుపు గౌను." ఊపిరి కోసం కొట్టుకున్నాడు. "నీ వెనకే ఉండి కాపాడమని... కల్నల్ పంపాడు. నంబరు చెప్పలేదు. నీ మొహం కూడా... చూపించలేదు. ఆమే చూపిస్తుందన్నాడు."

"నీ పేరేంటి?"

అప్పటికే ఊపిరి ఆగింది. పేరు జేబులో పందెం కార్డు మీద ఉంది. అనాతోల్ బెస్సిద్, ఇరవై తొమ్మిదేళ్ళు.

రూజో అతని కళ్ళు మూశాడు. ఒదీల్ ఇచ్చిన పిస్టల్ విప్పి చూస్తే గుండుని పేల్చే సూది అరగదీసి ఉంది. దాన్ని లోయలోకి విసిరేసి చచ్చినవాడి పిస్టల్ తీసుకున్నాడు. ఒక్క గుండు తక్కువ. పంపులో రెండు సీసాలు పగిలాయి, రెండు మిగిలాయి. తన సైకిల్ ముందు చక్రం ఎనిమిది అంకెలా వంగింది. బెస్సిద్ సైకిల్ బాగానే ఉంది.

దాన్నే ఎక్కాడు. పందెం దారి కుడికి తిరిగింది. రూజో ఎడమకి తిరిగాడు. పన్నెండు కిలోమీటర్లు ఎక్కుడు. ఒంటిచేత్తో, ఆ మనిషి రక్తం బనీను మీద ఎండుతుండగా, ఒక్కసారి కూడా కాలు దించకుండా తొక్కాడు.

*

సెంత్-ఓబెర్త్‌లో పదకొండిళ్ళు, వాటికి మించిన చర్చి. అయిదు ఊళ్ళకి ఒకే ఫాదర్, ఆయన ఇంకో ఊళ్ళో ప్రార్థనకి వెళ్ళాడు. తలుపు తీసింది చర్చి బాగోగులు చూసే ఫిలొమెన్. డెబ్బై దాటిన మనిషి. రూజోని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ముందా బూట్లు విప్పు, బాబూ. పొద్దున్నే కడిగాను నేల."

గంట గోపురం మొదట్లో చిన్న గది. గోనెసంచుల మీద హార్క్ పడున్నాడు. పెదాలు ఎండిపోయి, ఊపిరి రొప్పుతూ, దగ్గరికెళ్తే మాగిన పండు వాసన. ఫిలొమెన్ చేతులు వణక్కుండా సిరంజి నింపి తొడకి గుచ్చింది. ఇరవై నిమిషాలకి కళ్ళు తెరిచాడు.

"మజెరాక్ రాలేదా?" అన్నాడు.

"రాలేడు."

ఫిలొమెన్ రూజో చెయ్యి గుడ్డతో కట్టింది. "మందు పడింది. ఇప్పుడు ఇతనికి కాస్త ఏదైనా పెట్టాలి. సూపు వేడిచేసి తెస్తాను."

రూజో జేబులోంచి నలిగిన రొట్టె తీసి విరిచాడు. సగంలో ఆగిపోయింది. లోపల అగ్గిపెట్టెంత లోహపు డబ్బా, దానికి వెంట్రుకంత తీగ. రేడియో. దారి పొడుగునా అది కూస్తూనే ఉంది.

తను ఎక్కిన ప్రతి కిలోమీటరూ తనే వాళ్ళకి చూపించాడు.

బయట కారు బ్రేకులు కీచుమన్నాయి. టైము పన్నెండుకి పద్నాలుగు నిమిషాలు.

హార్క్‌ని భుజాన వేసుకుని మెట్లెక్కాడు రూజో. గుండ్రంగా తిరిగే ఇరుకు రాతి మెట్లు, తొంభై ఆరు. గంట దగ్గరికి చేరేసరికి కింద మెషిన్‌గన్ మోగింది. రాతి ముక్కలు మొహానికి తగిలాయి. కోర్బ్ పైకొస్తున్నాడు, ప్రతి మలుపులోనూ ముందు గుళ్ళు, తర్వాత తను. రూజో నాలుగుసార్లు కాల్చాడు. నాలుగూ గోడకే. ఇంకొక్కటే మిగిలింది.

"ఆ దూలం వెనక నక్కు," అని హార్క్‌తో చెప్పి, రూజో గంట అవతలి వైపు నిలబడ్డాడు. రెండు టన్నుల కంచు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి, వీపు దానికి ఆనించి, నెట్టాడు. విరిగిన చెయ్యి అరిచింది. గంట కదిలింది. వెనక్కొచ్చింది. మళ్ళీ నెట్టాడు.

బూడిదరంగు టోపీ మెట్ల మీదినుంచి పైకి లేచిన క్షణాన గంట అంచు వచ్చి దాన్ని తాకింది. పుచ్చకాయ పగిలిన చప్పుడు. కోర్బ్ మెట్ల అంచున ఉన్న కటకటాలు విరగ్గొట్టుకుని అరవై అడుగులు కిందకి వెళ్ళి, ఫిలొమెన్ కడిగిన నేల మీద పడ్డాడు.

రూజో చెవుల్లో హోరు. ఆ హోరులోనే ఒదీల్ గొంతు వినిపించింది.

"రూజో. ముసలిది నా చేతిలో ఉంది. హార్క్‌ని పంపు."

అతను మెట్లు దిగాడు. ఆఖరి మలుపులో ఆగి చూశాడు. ఒదీల్ ఎడమచేత్తో ఫిలొమెన్ మెడ చుట్టి పట్టుకుంది. కుడిచేతిలో పిస్టల్. పసుపు గౌను మీద ఎక్కడా మరకలేదు.

"బెస్సిద్ చచ్చాడు," అన్నాడు రూజో.

"తెలుసు. నేను చెప్పాను, నువ్వు చంపావు. నువ్వు పోతే హార్క్‌కి మందు అందదు, నువ్వు మిగిలితే నా రొట్టె మోస్తావు. ఏం, బాధగా ఉందా?"

"ఉంది."

"పోతుంది. నాకు మజెరాక్ విషయంలో రెండ్రోజులుంది." దూరంగా హెలికాప్టర్ చప్పుడు మొదలైంది. ఆమె పిస్టల్ ఫిలొమెన్ కణతకి ఆనించింది. "మూడు లెక్కపెడతాను."

"అవసరం లేదు," అని రూజో వెనకనుంచి హార్క్ గొంతు. గోడ పట్టుకుని, పాలిపోయిన మొహంతో దిగి వచ్చేశాడు. "ఆవిడ నాలుగు నెలలు నాకన్నం పెట్టింది. వదిలెయ్."

ఒదీల్ నవ్వి పిస్టల్ అతని వైపు తిప్పింది. చెయ్యి చాచిన ఆ క్షణంలో ఫిలొమెన్ తల వంచి, తన మెడ చుట్టూ ఉన్న ముంజేతిని మిగిలిన పళ్ళన్నిటితో కొరికింది.

రెండు పిస్టళ్ళూ ఒకేసారి పేలాయి. ఒదీల్ గుండు హార్క్ తల పక్కన గోడలో దిగింది. రూజో ఆఖరి గుండు ఆమె గొంతులో దిగింది. ఒదీల్ తన మెడ పట్టుకుని, ఏదో చెప్పబోయి, వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా పొంగుతుంటే ఆశ్చర్యంగా దాన్నే చూసుకుంటూ మోకాళ్ళ మీద కూలింది. పడ్డాక చాలాసేపు కాళ్ళు కొట్టుకుంది.

చర్చి ముందు గడ్డి మీద హెలికాప్టర్ దిగింది. టైము సరిగ్గా పన్నెండు. నోటి రక్తం తుడుచుకుంటున్న ఫిలొమెన్‌ని హార్క్ పట్టుకుని నిలబెట్టాడు. తర్వాత గుమ్మంలో నిలబడ్డ జడ్జిని చూసి మొదటి పేరు చెప్పాడు.

*

సాయంత్రం ఊరి కాఫీ కొట్టు ఫోన్‌లో రూజో కల్నల్‌తో మాట్లాడాడు.

"బెస్సిద్ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఒకరి గురించి ఇంకొకరికి తెలియకపోతే ఇద్దరూ క్షేమం అనుకున్నాను."

"వాళ్ళింటికి నేనే వెళ్తాను. ఏం జరిగిందో నేనే చెప్తాను."

"అది నిబంధనలకి విరుద్ధం."

"వెళ్తాను."

కల్నల్ గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో సంగతి. పందెం వాళ్ళు కబురు పంపారు. దారి తప్పావు, వేరేవాళ్ళ సైకిల్ తొక్కావు. నిన్ను జీవితాంతం నిషేధించారట. అప్పీలు చేద్దామా?"

"వద్దు," అన్నాడు రూజో. "ఈ మొత్తం వ్యవహారంలో సరిగ్గా విచారణ చేసింది వాళ్ళొక్కళ్ళే."