టొయింగ్ ఎవరికి?

చంద్రమౌళి మేడ మెట్లెక్కి గుమ్మంలో అడుగు పెట్టగానే గదిలో 'టొయింగ్' అని కామెడీ సినిమాల సౌండు మోగింది.

గదిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. పాపం, అతను శ్రీకూర్మంలో బస్సెక్కి, ఆమదాలవలసలో రైలెక్కి, చీపురుపల్లిలో దిగి, ఎండలో అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. సంచీ భుజాన ఉండగానే ఈ స్వాగతం. అయినా మొహం చిన్నబుచ్చుకోలేదు. గదంతా కలియజూసి, మూలన లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడి దగ్గర చూపు ఆపాడు.

"ఆ సౌండు నాకాండీ, నా సంచీకా?"

ఆ కుర్రాడు కామేష్. వేలు జారి కీ నొక్కుకుపోయింది, అంతే. ఆ ముక్క చెబితే సరిపోయేది. కానీ ఆ కళ్లు తన మీద ఆగాక తన పేరే గుర్తు రావడం లేదు, ఇంక సంజాయిషీ ఎక్కడ గుర్తొస్తుంది?

"సంచీకి," అన్నాడు చివరికి.

"ఓహో. సంచీ తరఫున థాంక్స్," అన్నాడు చంద్రమౌళి.

కామేష్‌ది గజపతినగరం. పెళ్లి వీడియోలకీ, యూట్యూబ్ సినిమాలకీ సౌండ్ చేస్తాడు. ఇప్పుడు చేస్తున్న సినిమా పేరు 'ఇద్దరికీ ఒకే గది'. అద్దె గది కోసం ఇద్దరు స్నేహితులు ప్రేమికుల్లా నటిస్తారు, పక్కింటి పింకీ అనే అబ్బాయి నిజంగానే హీరోని ప్రేమిస్తాడు. డైరెక్టరూ, నిర్మాతా ఒక్కడే, హరిబాబు. కింద వాళ్ల స్టీలు సామాన్ల కొట్టు, పైన ఇల్లు. ఆ ఇల్లే స్టూడియో. కింద ఎవరైనా బిందె బేరమాడితే పైన డైలాగు పాడైపోతుంది కాబట్టి గోడలనిండా బొంతలు కట్టారు.

పింకీ వేషానికే చంద్రమౌళిని పిలిపించారు. శ్రీకాకుళంలో ఏదో స్కూల్లో పిల్లలకి సంగీతం చెబుతాడట.

"సిన్న పనేనండి," అని హరిబాబు చేసి చూపించాడు. "సెయ్యి ఇలగ ఇరిసేసినట్టుండాలి. నడుం అలగ తిప్పాలి. 'ఆఁయ్ డార్లింగ్' అనాలి. అన్నెంటనే మా కామేష్ టొయింగ్ కొడతాడు. జనం పడిపడి నవ్వుతారు."

"ఇలాంటి మనిషిని మీరెక్కడ సూసేరు?"

"సినిమాల్లో."

"ఆ సినిమాలు తీసినోళ్లు ఎక్కడ సూసేరు?"

హరిబాబు గడ్డం గోక్కున్నాడు. "అంతకు ముందు సినిమాల్లో సూసుంటారు."

"అయితే ఇప్పటిదాకా మనిషిని ఎవరూ సూళ్లేదన్నమాట," అన్నాడు చంద్రమౌళి చాలా మర్యాదగా.

అందరితోపాటు కామేష్ కూడా నవ్వాడు. నవ్వుతూనే అతని చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ టొయింగ్ వెనకాల అతను చాలాకాలంగా దాక్కుంటున్నాడు. అలాంటి సీను వచ్చినప్పుడల్లా అందరికంటే ముందు తనే నవ్వేవాడు, తనే సౌండు పెట్టేవాడు. ముందు నవ్వేవాణ్ని ఎవరూ అనుమానించరు. తనకి అబ్బాయిలంటేనే ఇష్టమని అమ్మకి తెలియదు, చిన్నప్పటి స్నేహితుడు హరిబాబుకీ తెలియదు. తెలిస్తే ఆ సౌండు తన వెనకాలే ఊరంతా తిరుగుతుందని అతని భయం.

మర్నాడు మధ్యాహ్నం వాన పట్టుకుంది. స్టూడియో గదిపైన రేకుల కప్పు, ఆ చప్పుడులో డైలాగు వినబడదు. ఇంక షూటింగ్ ఎక్కడిది? హరిబాబు మబ్బుల్ని తిట్టుకుంటూ కిందకి పోయాడు. మిగిలినవాళ్లు పకోడీల వాసన పట్టుకుని వంటింటి వైపు వెళ్లారు. కామేష్ మాత్రం కిటికీలోని సన్నజాజి పువ్వుల్ని తుమ్ముతూ పక్కకి నెట్టి, మైకు బయటికి పెట్టాడు.

"మీరు వెళ్లరా?" అని అడిగాడు చంద్రమౌళి.

"వాన రికార్డు సేస్తన్నానండి. ఎప్పుడైనా పనికొస్తాది."

"వాన అంతా ఒకటే కాదేటి?"

కామేష్ హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకి పెట్టాడు. పెట్టేటప్పుడు వేళ్లు జుట్టుకి తగిలాయి. చంద్రమౌళి కళ్లు పెద్దవయ్యాయి. రేకు మీద వాన వేరు, అరటాకు మీద వేరు, కింద బోర్లించిన బిందె మీద వేరు. వంటింట్లో హరిబాబు వాళ్లమ్మ సూర్యకాంతం గాజులు. వీటన్నిటి అడుగున, ఇంకా ఊళ్లోకే రాని రైలు చప్పుడు.

"ఓలమ్మో," అన్నాడు మెల్లగా. "నువ్వు రోజూ ఇలగే వింటావా?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి అతను గమనించలేదు. కామేష్ గమనించాడు. హెడ్‌ఫోన్లు లేకుండానే ఆ ఒక్క మాట అతని చెవుల్లో చాలాసేపు నిలిచింది.

"మా తాత నారాయణమూర్తి గారికి వినిపించాల్సింది," అన్నాడు చంద్రమౌళి. "తూర్పు భాగోతంలో సత్యభామ వేషం కట్టేవారు. ఇద్దరు తెర పట్టుకుంటే, ముందు జడ తెర మీదనుంచి ఇవతలికి పడేది. మనిషి ఇంకా కనబడడు, జడ ఒక్కటే. అంతే, మీసాలు మెలేసుకుని కూసున్నోళ్లంతా కదలకుండా ఉండిపోయీవారట."

"నవ్వీవారు కాదా?"

"నవ్వీవారు, ఎందుకు నవ్వరు? సత్యభామ మాటలకి నవ్వీవారు. మగాడు నడుం తిప్పేడని మాత్రం ఎవరూ నవ్వలేదు."

కామేష్ వాన రికార్డు చేయడం మరిచిపోయాడు.

ఆ మరుసటి రోజు అసలు సీను. పింకీ హీరోకి ప్రేమ సంగతి చెప్పాలి, హీరో 'ఛీ' అని పారిపోవాలి, టొయింగ్ మోగాలి. తీరా చూస్తే హీరో లేడు. మేనమామ కూతురి పెళ్లని బొబ్బిలి పోయాడు.

"ముందు పింకీ క్లోజప్ తీసేద్దాం," అన్నాడు హరిబాబు. "ఒరే కామేష్, కెమెరా పక్కన కూసుని నువ్వు లుక్ ఇయ్యి. ఆయన నీ కళ్లలోకి సూసి డైలాగ్ సెప్తారు. డైలాగ్ అవగానే కీ నొక్కు. నవ్వు టైమింగ్ తెలుస్తాది."

కామేష్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లాప్‌టాప్ పక్కన పెట్టుకుని, వేలు కీ మీద ఉంచి కూర్చున్నాడు. చంద్రమౌళి చొక్కా కాలరుకి చిన్న మైకు. భుజాన గులాబీరంగు తువ్వాలు, అది హరిబాబు కొన్నది. వంట ముగించుకుని సూర్యకాంతం కూడా కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"యాక్షన్!"

చెయ్యి విరగలేదు, నడుం తిరగలేదు. చంద్రమౌళి తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని, భుజం మీదనుంచి ముందుకి వేసుకున్నాడు, అంతే. గది మారిపోయింది. గుమ్మంలో సూర్యకాంతం "అమ్మా" అని నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నాకు పాటలు పాడ్డం రాదు," అన్నాడతను కామేష్ కళ్లలోకి చూస్తూ. "పువ్వులిస్తే తుమ్ములొస్తాయి నీకు. అందుకే ఒకటి సెప్తాను. నీ బట్టలు ఆరేస్తాను. వానొస్తే తీస్తాను. నాను ఊళ్లో లేనప్పుడు వానొస్తే, ఎక్కడున్నా నీ బట్టలే గుర్తొస్తాయి. ఇంతకంటే పెద్ద ప్రేమ నాకు రాదు."

పువ్వుల ముక్కకి ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఫోకస్ పట్టే కుర్రాడు కూడా కెమెరా వదిలేసి మనిషినే చూస్తున్నాడు. కామేష్ చెవుల్లో అతని ఊపిరి వినిపిస్తోంది, చివరి మాట దగ్గర అది కొంచెం వణికింది. ఇన్ని సినిమాలకి పనిచేసినా ఇలాంటి శబ్దం కామేష్ ఎప్పుడూ వినలేదు. వేలు కీ మీదే ఉండిపోయింది, నొక్కలేదు.

"కట్," అన్నాడు హరిబాబు. తర్వాత తెలివి తెచ్చుకుని అడిగాడు. "బాగున్నాది. శానా బాగున్నాది గానీ, ఇది కామెడీ కదరా! నవ్వు ఏదీ?"

చంద్రమౌళి వరండాలోకి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. మైకు కాలరుకే ఉంది. హెడ్‌ఫోన్లలో అతని గొంతు కామేష్ ఒక్కడికే వినిపించింది.

"కామేష్, వింటన్నావని తెలుసు. ఆ వాన ముక్క సినిమా కోసం రాయలేదు. నిన్న నువ్వు వాన వినిపించినప్పటినుంచి మనసులో ఉన్నాది. నువ్వు నాలాంటోడివో కాదో తెలీదు. ఏమీ అనక్కర్లేదు. ఇష్టం లేకపోతే ఆ టొయింగ్ నొక్కెయ్. నవ్వుకుంటూ రైలెక్కి పోతాను. నొక్కకపోతే ఇక్కడే ఉంటాను."

కామేష్ కీ మీదనుంచి చెయ్యి నిప్పు తగిలినట్టు తీసేశాడు.

అదే తప్పయింది.

"నువ్వు కొట్టకపోతే నాను కొడతాను. ఎలగుంటాదో సూద్దాం," అని హరిబాబు వంగి కీ నొక్కేశాడు.

టొయింగ్!

హెడ్‌ఫోన్లలో చిన్న గరగర. తర్వాత ఏమీ లేదు. చంద్రమౌళి మైకు తీసేశాడు. లోపలికి వచ్చి, తువ్వాలు మడిచి కుర్చీమీద పెట్టి, సంచీ భుజాన వేసుకున్నాడు. మొహాన నవ్వు ఉంది. మాట తప్పని మనిషి.

"ఎల్లొస్తానండి. నా పార్టు అయిపోయింది కదా."

కామేష్ లేచాడు. హెడ్‌ఫోన్ల వైరు లాగి లాప్‌టాప్ నేలమీద పడింది, అదీ చూసుకోలేదు.

"ఆగు! ఆ నొక్కింది నాను కాదు! హరిబాబు!"

గదిలో అందరూ హరిబాబు వైపు చూశారు.

"నానే నొక్కేను," అన్నాడు హరిబాబు బెదిరిపోయి. "అయితే ఏటి? ఏటైంది?"

ఇప్పుడు ఏదో ఒక అబద్ధం చెప్పచ్చు. కామేష్‌కి చాలా అబద్ధాలు వచ్చు. కానీ గుమ్మం దగ్గర సంచీతో నిలబడ్డ మనిషి ముఖంలో ఆ నవ్వు సన్నగిల్లుతోంది, దాన్ని చూస్తూ ఒక్కటీ నోటికి రాలేదు.

"మొదటిరోజు అడిగావు, సౌండు నీకా, సంచీకా అని," అన్నాడు చంద్రమౌళితో. "నీకూ కాదు, సంచీకీ కాదు. నాకు. ఇన్నాళ్లూ నామీద నానే పెట్టుకున్నాను." హరిబాబు వైపు తిరిగాడు. "నాను గే రా, హరీ. నువ్వు నవ్వినప్పుడల్లా నాతో కలిసి నామీదే నవ్వీవోడివి. నీకు తెలీదు, నాను సెప్పలేదు."

కింద కొట్లో ఎవరో గుండిగ మీద వేలితో కొట్టి చూసుకుంటున్నారు. హరిబాబు కుర్చీమీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"పువ్వులిస్తే తుమ్ములొచ్చేది నీకే కదరా," అన్నాడు చివరికి.

"అవును."

"అది ఆయనకెలా తెలుసు?"

"హరీ!" అంది సూర్యకాంతం గుమ్మంలోంచి. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. "నా సిన్నప్పుడు ఆ జడ తెరమీదనుంచి పడ్డం సూసేను. మళ్లీ ఇన్నేళ్లకి మనింట్లో సూసేను. తుమ్ముల మాటకి నవ్వేను, వాన మాటకి ఏడిసేను. ఇంకేం కావాలిరా నీ సినిమాకి? ఆ టొయింగు తీసి పారెయ్."

తర్వాత చంద్రమౌళి దగ్గరికి వెళ్లి అతని భుజంమీది సంచీ తనే అందుకుంది. "నారాయణమూర్తి గారి మనవడివట, కామేష్ సెప్పేడు. అన్నం వేళ మా ఇంట్లోంచి ఎల్లిపోతావేటి? కాళ్లు కడుక్కో. ఒరే కామేష్, నువ్వూ రా. మీ అమ్మకి ఎలగ సెప్పాలో తర్వాత ఆలోసిద్దాం, నాను కూడా వస్తాను."

హరిబాబు నేలమీది లాప్‌టాప్ తీసి తుడిచి, ఏదో వెతికి, డిలీట్ నొక్కాడు. "పోయింది," అన్నాడు కామేష్ మొహంలోకి సూటిగా చూడలేక. "నాకు ముందే సెప్పొచ్చు కదరా." భుజం మీద ఒకటి కొట్టి, గబగబా కిందకి దిగిపోయాడు. మిగిలినవాళ్లు కూడా అతని వెనకాలే వెళ్లారు.

సూర్యకాంతం సంచీతో వంటింట్లోకి వెళ్లింది, గదిలో ఇద్దరే మిగిలారు. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. రేకు మీద ఒకటి, అరటాకు మీద ఒకటి.

కామేష్ మైకు తీసి చంద్రమౌళి కాలరుకి పెట్టాడు. ఈసారి వేళ్లు మెడకి తగిలినా వెనక్కి తీసుకోలేదు.

"ఇందాక వరండాలో అన్నది మళ్లీ సెప్పు. రికార్డు అవలేదు."

"అబద్ధం. మైకు మీద ఎర్ర లైటు ఎలుగుతూనే ఉన్నాది, సూసేను."

"అయినా సెప్పు," అన్నాడు కామేష్, హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెడుతూ. "ఈసారి ఉత్త సెవులతో వింటాను."