మామయ్య సామాన్ల జాబితా

చీకటి పడితే ఆ వీధి చివరి ఇంటిదాకా ట్యాక్సీవాళ్ళు కూడా వచ్చేవారు కాదట. రెండిళ్ళ ముందే ఆపేసి, "ఇక్కడ దిగిపోండి సార్" అనేవారట. ఇంటాయన పోయి మూడు వారాలే అయింది. కానీ రాత్రుళ్ళు లోపల ఎవరో తిరుగుతున్నారనీ, కుర్చీలు జరుపుతున్నారనీ, ఒకసారైతే గట్టిగా తుమ్మారనీ... వీధంతా చెవులు కొరుక్కునేది.

ఈ మాటలకి అందరికంటే ఎక్కువ హడలిపోయింది పళ్ళ డాక్టరు. పోయినాయన అతనికి సొంత మేనమామ. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఉన్నదంతా అక్కచెల్లెళ్ళకి వీలునామా రాసి, పంచిపెట్టే పని మాత్రం మేనల్లుడి నెత్తిన పెట్టి చక్కాపోయాడు.

"పోయిన రోజుకి ఆయనవి ఏమేం ఉన్నాయో ముందు రాయండి," అన్నారు లాయరుగారు. "ఆ తర్వాత ఆయన ఎవరికైనా బాకీ ఉంటే తీర్చాలి. పంపకం చివర్న. లిస్టు నిజమని కోర్టులో ప్రమాణం చేసేది మీరే. చెంచా తగ్గినా, చెంచా పెరిగినా మీదే పూచీ."

తప్పుడు లిస్టు మీద ప్రమాణం చేస్తే కోర్టు ఊరుకోదు, చుట్టాలు దొంగంటారు. పైగా మామయ్య నమ్మి అప్పజెప్పిన పని. అందుకే డాక్టరు రోగి నోట్లో పళ్ళు లెక్కపెట్టినంత శ్రద్ధగా సామాన్లు లెక్కపెట్టాడు. కుర్చీలు నాలుగు. గొడుగులు రెండు. ఇస్త్రీపెట్టె లేదు.

మర్నాడు వెళ్తే కుర్చీలు ఐదు!

వేసిన తాళం వేసినట్టే ఉంది. తిట్టుకుంటూ మళ్ళీ రాశాడు. ఆ మర్నాటికి గొడుగులు ఆరు... ఒక రంపం... మూత లేని కుక్కరు. నాలుగో రోజు బల్ల మీద ఇస్త్రీపెట్టె. భయపడుతూనే ముట్టుకున్నాడు—

ఇంకా వేడిగా ఉంది.

"దెయ్యం ఉంటే సామాన్లు పోవాలి గానీ పెరగడమేమిటండీ?" అంది భార్య.

"నాకేం తెలుసే! రేపు పదిన్నరకి కోర్టు. ఈ రాత్రి అక్కడే కూర్చుని తేల్చుకుంటాను."

వెళ్ళాడు. దీపం ఆర్పేసి, లిస్టు గుండెలకి హత్తుకుని, బీరువా చాటున నక్కాడు. పది దాటింది... పదకొండు దాటింది... పెరటి తలుపు దగ్గర టిక్కుమని చప్పుడు. తలుపు మెల్లగా తెరుచుకుంది. ఏదో లోపలికి వచ్చింది. మనిషంత ఎత్తు. తల మీద కొమ్ములు... రెండు కాదు, నాలుగు!

డాక్టరు పెట్టిన కేకకి కొమ్ములు కింద పడ్డాయి. టార్చి వేస్తే పక్కింటి టీచరమ్మ. పక్కనే, నాలుగు కాళ్ళూ పైకెత్తి పడ్డ స్టూలు.

"అరవకండి డాక్టరుగారూ, పరువు పోతుంది!" అని గుసగుసలాడింది ఆవిడ. "మీ మామయ్య వస్తువులు దాచుకున్నవాళ్ళ పేర్లు కోర్టులో చదువుతారని మీరే కదా గేటుకి కాగితం అంటించారు? ఇది తీసుకెళ్ళి తొమ్మిదేళ్ళయింది. పట్టపగలు ఏ మొహం పెట్టుకుని తెస్తాను?"

పెరటి తలుపు గడియ దువ్వెనతో తీయొచ్చని వీధి మొత్తానికి తెలుసట. మామయ్యే నేర్పాడట, ఎవరికేం కావాలన్నా తన నిద్ర చెడగొట్టకుండా పట్టుకెళ్ళమని. తెలియనిదల్లా మేనల్లుడికే.

ఇంకో గంటలో పోస్టుమాను ఇత్తడి బిందెతో వచ్చాడు. అతన్ని చూసి, దిండు పట్టుకొచ్చిన డాక్టరు సొంత పిన్ని కెవ్వుమంది. "ఇస్త్రీపెట్టె కూడా నేనేరా," అని ఒప్పుకుంది సిగ్గుపడుతూ. "ఇచ్చేసే ముందు మీ బాబాయి చొక్కా ఒక్కటి..."

డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నీ మామయ్యవే, లిస్టులో ఉండాల్సినవే! అందరినీ పంపేసి, తలుపేసి, హాయిగా ఆఖరి లిస్టు రాయడానికి కూర్చున్నాడు.

లోపలి గదిలో అడుగుల చప్పుడైంది.

"అక్కడ పెట్టేసి వెళ్ళండి," అన్నాడు తలెత్తకుండా. "ఏం తెచ్చారు?"

"తేలేదు... తీసుకెళ్తున్నా. నిచ్చెన."

"అయ్యయ్యో, అది మామయ్యదండీ! ముప్ఫై ఒకటో నంబరు."

"నాది కాదురా. పోస్టుమానుది. అడిగి తెచ్చుకుని ఇవ్వడం మర్చిపోయాను. పాపం, అతనూ మొహమాటానికి అడగలేదు. పంపకానికి ముందు నా బాకీ తీర్చమని లాయరు చెప్పలేదూ?"

కలం ఆగిపోయింది. లోపలి గదికి తన పక్కనున్న ఈ తలుపు తప్ప ఇంకో దారి లేదు... ఇందాకటి నుంచీ ఇటుగా ఎవరూ పోలేదు.

డాక్టరు తలెత్తలేదు. ఎత్తే ధైర్యం ఎక్కడిది? ముప్ఫై ఒకటో నంబరు కొట్టేశాడు.

"ఇప్పుడు... సరిగ్గా ఉందా మామయ్యా?"

నిచ్చెన నేల మీద గీసుకుంటూ అతని వెనక నుంచే పెరటివైపు వెళ్ళింది. గడియ టిక్కుమంది.

"ఉంది. నిక్షేపంగా ప్రమాణం చెయ్యి. జడ్జిగారు నమ్మకపోతే సాక్షి ఉన్నాడని చెప్పు... పదిన్నరకేగా, వస్తాలే."