మూడో జామ మొక్క

పొద్దున్నే ఛాయ్ తాగి పెరట్లోకి వచ్చిన కొమురవ్వ, మూడో జామ మొక్క కూడా తల వేలాడేయడం చూసి కోడలు విజయను కేకేసింది. ఆ గొంతులో దిగులు లేదు, సాకు దొరికిన సంబరముంది.

"చూసినవా? గొడ్రాలి చెయ్యి తగిలితే మన్ను గూడ గొడ్డువోతది. ఇగ నీ తల్లిగారింటికి నడువు. నా కొడుక్కు జఫర్‌గఢ్‌ల మా అన్న బిడ్డను మాట్లాడిన."

గొడ్రాలన్న మాట విజయకు పెళ్లయిన మూడో ఏటినుంచీ అలవాటే. ఇల్లు వదలమనడమే కొత్త.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో రోడ్డుకు అడ్డంగా వెయ్యడానికి భర్త కుమారస్వామి పెరట్లోని సర్కారు తుమ్మను నరికాడు. మొద్దును వేర్లతో సహా తవ్వి తీసేశానన్నాడు. ఆ చచ్చు నేలను బాగు చేయడానికి విజయ నడుములు విరిగేలా చెరువు మట్టి మోసింది, మాగిన పెంట కలిపింది, వేపపిండి చల్లింది. అయినా పెట్టిన మొక్కల్లా మాడిపోయింది.

ఇప్పుడు విజయ కడుపు మండి పార అందుకుంది. మొక్క పీకి, తను పోసిన మట్టంతా తోడి, ఇంకా కిందికి తవ్వింది. పార మొద్దుకు తగిలింది. చుట్టూ మన్ను తెల్లగా పొరకట్టి ఉంది. వేలితో నాలుకకు రాసుకుంది. ఉప్పు!

పళ్లు తోముకుంటున్న కుమారస్వామి బిక్కచచ్చిపోయాడు.

"సమ్మె టెంటు కాడికి పోయే తొందరల మొద్దు తవ్వలే. మళ్ల చిగురెయ్యకుంట దొడ్డుప్పు పోసి, మన్ను గప్పిన."

"మీ అవ్వ నన్ను తిడుతుంటే పక్కనే కూసోని అన్నం తిన్నవ్ గద! ఒక్కనాడన్న నోరు తెరిచినవా?"

"అవ్వ కొట్లాడతదని..."

విజయ పార వదిలేసి అతని ముందుకొచ్చింది. "మరి వరంగల్ దవాఖానల డాక్టరు నిన్నొక్కన్నే లోపలికి పిలిచిండు. నీకేం లోపం లేదని వచ్చి చెప్పినవ్. గదీ గిట్లనేనా?"

అతను చెంబందుకుని నోరు కడుక్కోబోయాడు.

"చెప్పురా!" కొమురవ్వ కొడుకు రెక్క పట్టి కుదిపింది.

"లోపం నాదేనన్నడు, అవ్వా."

కొమురవ్వ గుంతలోకి దిగి, ఉప్పు మన్నును చేతులతోనే గంపకెత్తి కొడుకు నెత్తిన పెట్టింది.

"ఊరి బయట పారబొయ్యి. ఏందని అడిగినోళ్లందరికి లోపం నాదేనని నీ నోటితోనే చెప్పు. ఈమెను నేను వాడకట్టంత గొడ్రాలని చెప్పుకుంట తిరిగిన."

అతను గంపతో గడప దాటాక విజయ బోరున ఏడ్చింది. కోడలిని ముట్టుకునే ధైర్యం లేక, మన్ను చేతులతో పక్కనే నిలబడి కొమురవ్వా ఏడ్చింది.